పిడుగుకి పడిన ఐదు పాయింట్లు

ఆసుపత్రి నేలమాళిగలోని లాండ్రీలో ఆమె గొంతు వినపడని మూల లేదు. ఉతికే డ్రమ్ములు, డ్రయ్యర్లు, దుప్పట్లు నొక్కే పొడుగాటి రోలరు అన్నీ ఒకేసారి తిరుగుతుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. అలాంటి చోట సగం జీవితం గడిపిన మనిషికి మెల్లగా మాట్లాడటం ఎలా వస్తుందని ఆమె వాదన. కానీ యంత్రాలు ఆగాక కూడా ఆ గొంతు తగ్గేది కాదు. వార్డుల నుంచి సంచులు దింపేవాడు తడివీ పొడివీ కలిపి కుక్కితే, "కళ్లు ఇంట్లో పెట్టి వచ్చావా?" అని అక్కడికక్కడే దులిపేసేది. ఒకసారి ఎవరో నర్సు గౌను జేబులో కత్తెర మర్చిపోతే అది డ్రమ్ములో పడి నానా బీభత్సం చేసింది. ఈమె ఆ కత్తెర పట్టుకుని మెట్లన్నీ ఎక్కి వార్డులోకి వెళ్లి, రోగులు పక్కల మీద లేచి కూర్చుని చూస్తుండగా ఆ నర్సుని కడిగేసి వచ్చింది.

వెనకాల అందరూ ఆమెని పిడుగు అనేవారు. ఆ సంగతి ఆమె చెవిన పడ్డ రోజు ఎవరికి మూడుతుందోనని లాండ్రీ అంతా బిక్కచచ్చిపోయింది. ఆమె మాత్రం చేతిలో దుప్పటి పట్టుకుని ఒక క్షణం ఆలోచించి, "బానే ఉంది" అంది.

భర్త పోయాక కూతురింట్లోనే ఉంటోంది. ముందు గది అల్లుడి డ్రైక్లీనింగ్ షాపు, వెనక రెండు గదులు కూతురూ అల్లుడివి, మేడమీద గది ఈమెది. అల్లుడు నెమ్మదస్తుడు. ఒక్క మాట అనాలన్నా ముందు రెండుసార్లు గొంతు సవరించుకునే రకం. అత్తగారు ఏమన్నా "సరే అత్తయ్యా" అని మళ్లీ ఇస్త్రీపెట్టె అందుకునేవాడు. ఆ 'సరే' వెనక ఏముందో ఆమె ఏనాడూ పట్టించుకోలేదు.

'మరకల వేదిక' సంగతి ఆమెకి చెప్పింది ఆ అల్లుడే. బట్టలుతికే పని చేసేవాళ్లు, డ్రైక్లీనింగ్ షాపులవాళ్లు, ఇళ్లల్లో వాళ్లు ఇంటర్నెట్లో కలిసి మాట్లాడుకునే చోటు అది. ఒకరు మరక ఫొటో పెడతారు, పదిమంది మందు చెబుతారు. అల్లుడికి అందులో 'మడత' అనే పేరుతో ఖాతా ఉంది. షాపు కంప్యూటర్లో అది ఎప్పుడూ తెరిచే ఉండేది. ఒకరోజు ఏదో ప్లాస్టరు జిగురు మొండికేస్తే ఆమె అల్లుడి చేత అడిగించింది. వచ్చిన జవాబులు చూసి, "వీళ్లకి ఇంత తెలిస్తే నాకెంత తెలియాలి?" అని ఆ సాయంత్రమే తన ఫోన్లో ఖాతా తెరిచింది. పేరు పెట్టుకోమంటే 'పిడుగు' అని కొట్టింది. తర్వాత పొడుగాటి నిబంధనల పేజీ వచ్చింది. అడుగున 'చదివాను, అంగీకరిస్తున్నాను' అని ఒక గడి. ఒక్క అక్షరం చదవకుండా ఆ గడి నొక్కేసింది. అందరూ చేసేదే.

అక్కడ ఆమెకి ఒక కొత్త సంగతి ఎదురైంది. మనుషులు అడగడం. లాండ్రీలో ఎవరూ ఆమెని ఏమీ అడిగేవారు కారు, తప్పించుకు తిరిగేవారు. ఇక్కడ ఎవరెవరో "పిడుగు గారూ, మీరేమంటారు?" అని రాసేవారు. బస్సులో, వంటింట్లో, రోలరు పక్కన నిలబడి జవాబులు రాసేది. చెప్పేది సరిగ్గానే చెప్పేది. కానీ చెప్పే ముందు నాలుగు తిట్టి చెప్పేది. ఎవరి జవాబుకి ఎన్ని మెచ్చుకోళ్లు వచ్చాయో పక్కన అంకె పడేది. 'బుడగ' అని ఇంకొకడున్నాడు, తియ్యతియ్యగా రాస్తాడు, వాడికే ఎప్పుడూ ఎక్కువ. అది ఆమెకి కడుపుమంట. అల్లుడు షాపులో లేని వేళ చూసి, తెరిచి ఉన్న అతని ఖాతాలోంచి తన పోస్టులన్నిటికీ తనే మెచ్చుకోలు నొక్కుకునేది. దాన్ని తప్పనుకోలేదు. 'అల్లుడే కదా, అడిగితే నొక్కడా ఏంటి' అనుకుంది.

మొదటి దెబ్బ ఒక కొత్తమనిషి వల్ల తగిలింది. దుప్పటి మీద రక్తపు మరక ఉంటే మరిగే నీళ్లు పోశానని, మరక ఇంకా గట్టిపడిందని, ఏం చేయాలో చెప్పమని ఆ మనిషి అడిగింది. పిడుగు జవాబు ఇలా మొదలైంది: "ముందు నీ బుర్ర తీసి చన్నీళ్లలో నానబెట్టు. రక్తం మీద వేడినీళ్లు పోసేదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను." ఆ తర్వాత మందు చక్కగా వివరించింది.

గంట తిరక్కుండా మొదటి రెండు వాక్యాలు మాయమయ్యాయి. మందు మాత్రం అలాగే ఉంది. కింద పసుపు రంగు గుర్తు. ఆమె ఫోనుకి సందేశం వచ్చింది. పంపింది 'నీలిమందు' అనే మోడరేటరు, వేదికలో రాతలు అదుపుచేసే మనిషి. "సభ్యుల్ని కించపరచడం నిషేధం. ఒక హెచ్చరిక పాయింటు. మీ సలహా బాగుంది, అది ఉంచాం."

"ఉంచారట! నా సలహా నాకే ఉంచారట!" అని ఆమె ఒంటికాలి మీద లేచింది. కూతురు వంటింట్లోంచి తొంగిచూసి, "ఎవరమ్మా?" అంది.

"ఎవరో నీలిమందు. తెల్లబట్టకి నీలం పెట్టుకునేది నాకు బుద్ధి చెబుతోంది."

ఆ వారంలోనే రెండో పాయింటు. లాండ్రీ నేలమాళిగ కావడంతో ఫోనుకి సిగ్నలు సరిగా అందదు. ఒక జవాబు పంపితే చక్రం తిరుగుతూ ఉండిపోయింది, మళ్లీ నొక్కింది. రెండూ వెళ్లాయి. 'ఒకే పోస్టు పదేపదే పెట్టడం' అని ఇంకో పాయింటు పడింది. ఈసారి పంపినవాళ్ల పేరు కూడా లేదు, యంత్రం దానంతటదే వేసింది. మనిషి వేస్తే తిట్టడానికి మనిషైనా ఉంటుంది. యంత్రాన్ని ఏమని తిడతాం? అయినా తిట్టింది.

మూడోది అసలుది. ఇనప మంచాల తుప్పు దుప్పట్లకి అంటుకుంటే ఎలా పోతుందని ఎవరో అడిగారు. ఆమె తన సొంత కిటుకు రాసింది. తెల్లబట్టల బ్లీచూ, తుప్పు వదిలించే యాసిడ్డూ ఒకే తొట్టిలో కలిపెయ్యమని. తను ఎన్నో ఏళ్లుగా చేస్తున్నదే. లాండ్రీ వెనక తలుపు బయట, ఆరుబయట, ముక్కుకి గుడ్డ కట్టుకుని చేసేది. ఆరుబయట సంగతి గానీ ముక్కుగుడ్డ సంగతి గానీ పోస్టులో రాయలేదు. అవి ఆమెకి మాట కాదు, అలవాటు. అలవాటుని ఎవరు రాస్తారు?

ఆ పోస్టు మొత్తానికే ఎగిరిపోయింది. మూడు పాయింట్లు ఒక్కసారే. దాంతో ఐదయ్యాయి. ఐదు పాయింట్లకి నెల రోజుల మౌనం. చదవొచ్చు, రాయకూడదు. రాసే చోట బూడిదరంగు గడి, అందులో 'మీకు ప్రస్తుతం అనుమతి లేదు' అన్న మాట.

పుట్టాక ఆమె నోరు ఎవరూ మూయించలేదు. తండ్రి ప్రయత్నించి వదిలేశాడు, భర్త ప్రయత్నించనే లేదు. ఆసుపత్రి సూపర్‌వైజరు ఆమె కనపడితే ఫోను చెవికి పెట్టుకుని దారి మార్చుకునేవాడు. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని నీలిమందు ఒక గడికి బూడిద పూసి నోరు కట్టేసింది. ఆ కోపమంతా లాండ్రీ మీద పడింది. సంచులు దింపేవాడు రెండురోజులు సంచులు తలుపు దగ్గరే విసిరేసి పారిపోయాడు. రోలరు దగ్గర ఆమెతోపాటు దుప్పటి రెండో అంచు పట్టుకునే ఆవిడ, "నన్నెందుకు గుంజుతావు? దుప్పటి గుంజు" అని ఎదురుతిరిగింది.

అన్నిటికంటే బుడగ రాతలు చదవడం దుర్భరంగా ఉండేది. ఒకరు ఉన్ని కోటు ముడుచుకుపోయిందని అడిగితే బుడగ ఏదో సగం తెలిసిన సలహా రాశాడు, దానికి ఇరవైమంది మెచ్చుకోళ్లు. సరైన జవాబు ఈమె నాలుక చివర ఉంది. చదవొచ్చు, రాయకూడదు. పళ్లు నూరుకుంటూ కూర్చుంది.

ఒక ఆదివారం కూతురూ అల్లుడూ బయటికెళ్తే షాపులోకి దిగి, కంప్యూటరు ముందు కూర్చుని కొత్త ఖాతా తెరిచింది. పేరు 'వానచినుకు'. ఈసారి ఎవరూ పోల్చుకోకూడదని నోరు కట్టుకుని రాసింది. "నమస్కారమండీ. దయచేసి నా మనవి ఆలకించండి" అని ఉన్ని కోటుకి సరైన మందు రాసింది. ఆ మర్యాద రాస్తుంటే తన వేళ్లు తనవి కానట్టే ఉంది. బుడగ వచ్చి, "మీ పద్ధతి పాతకాలంది అనుకుంటా" అన్నాడు. అంతే, వానచినుకు ఆవిరైపోయింది. "పాతకాలమా? నీ బుర్ర తీసి..." అని మొదలుపెట్టి వాక్యం పూర్తిగా పంపేసింది.

మర్నాడు పొద్దున్న అల్లుడు మేడ ఎక్కి వచ్చాడు. అతను మేడ ఎక్కడం అదే మొదలు. ఈసారి గొంతు సవరించుకోలేదు.

"అత్తయ్యా, ఒకసారి కిందికి రండి."

షాపులో డ్రైక్లీనింగ్ యంత్రం తలుపు తెరుచుకుని ఉంది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ చిరిగి వారమైంది. ఆ యంత్రం చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, పట్టీ బజార్లో దొరకదు. వేదికలో ఎవరో ముసలాయన, తన పాత యంత్రం విప్పేశానని, పట్టీ బాగుందని, ఎలా బిగించాలో కూడా రాసి చెబుతానని అల్లుడికి మాటిచ్చాడు. ఆయన చిరునామా, ఆయన రాసిన వివరాలు అన్నీ వేదికలోని సందేశాల్లోనే ఉన్నాయి. ఇప్పుడు కంప్యూటరు తెర మీద ఎర్ర అక్షరాలు: 'మడత ఖాతా శాశ్వతంగా నిషేధించబడింది. కారణం: శిక్షలో ఉండగా వేరే ఖాతాలతో రావడం.'

"నేనేం చేశాను?" అన్నాడు అల్లుడు. అది ప్రశ్నలా లేదు.

ఆమె తెర వైపు చూసింది. పిడుగు, వానచినుకు, మడత మూడూ ఒకే మనిషివని, మూడింటికీ నిషేధమేనని రాసి ఉంది. వానచినుకూ మడతా ఒకే కంప్యూటరు నుంచి వచ్చాయట. పిడుగు పోస్టులన్నిటికీ క్రమం తప్పకుండా మెచ్చుకోలు నొక్కింది మడతేనట.

"నా ఖాతాలోంచి మెచ్చుకోళ్లు కూడా నొక్కారా?"

"నొక్కితే ఏమైంది బాబూ? ఇంట్లోవాళ్లం కాదా?"

"ఇంట్లోవాళ్లం కాబట్టే అడుగుతున్నాను. కౌంటరు వెనక కుర్చీ నాది, కంప్యూటరు నాది, పేరు నాది. అడగాలని మీకు అనిపించలేదు. మీకు ఎప్పుడూ అనిపించదు." అతని గొంతు పెరగలేదు. అదే ఆమెకి మింగుడు పడలేదు. అరిస్తే తిరిగి అరవొచ్చు. "వంటింట్లో గిన్నెలు ఎక్కడ పెట్టాలో మీరే చెబుతారు. నా షాపుకొచ్చినవాళ్లకి నా ముందే సలహాలిస్తారు. సరే సరే అంటూ వచ్చాను. ఇది మాత్రం సరే అనను."

"అయితే నన్నిప్పుడు పొమ్మంటావా?"

"ఆ మాట నేననలేదు. మీ తిట్లకి పడే శిక్ష కూడా నా పేరు మీదే పడుతోంది."

కూతురు మధ్యలోకి వచ్చింది. తల్లి పక్షాన వస్తుందనుకుంది ఆమె. కూతురు అమ్మ చెయ్యి పట్టుకుని కుర్చీలో కూలేసి, "నిబంధనలు తెరువు" అంది మొగుడితో. అతను తెరిచి, తలుపు దభాలున వేసి బయటికి వెళ్లిపోయాడు.

"ఇవి నువ్వు చదివావా?"

"గడి నొక్కాను."

"నొక్కావని నాకూ తెలుసు. విను." కూతురు చదవడం మొదలుపెట్టింది. ఆమె ప్రతి ముక్కకీ అడ్డం తగిలింది.

"తప్పు చెప్పినవారి మాటను విమర్శించవచ్చు, మనిషిని కాదు."

"మనిషి వేరు, మాట వేరు ఎలా అవుతుందే? మాట మనిషి నోట్లోంచే కదా వచ్చింది?"

"వేడినీళ్లు పోయడం తప్పు అంటే మాట. నీ బుర్ర నానబెట్టు అంటే మనిషి. ఇందులో అర్థం కానిదేముంది?"

కూతురు ముందుకెళ్లింది. యంత్రం వేసిన పాయింటు అన్యాయమనిపిస్తే వారంలోగా అప్పీలు పెట్టుకోవచ్చు, వేరే మోడరేటరు చూస్తాడు. అప్పీలు పెట్టినవాళ్ల మీద కక్ష కట్టరు. మౌనంలో ఉన్నవాళ్లు ఇంకో పేరుతో వస్తే శాశ్వత నిషేధం. ప్రమాదకరమైన మిశ్రమాలు చెప్పినవారికి ఏ ఉద్దేశంతో చెప్పినా సరే మూడు పాయింట్లు.

"ఆగు ఆగు," అంది ఆమె. వేళ్ల మీద లెక్క చూసుకుంది. తిట్టినందుకు ఒకటి, మిశ్రమానికి మూడు. "ఆ యంత్రం వేసిన ఒక్కటీ లేకపోతే నాలుగే. నాలుగుకి మౌనం లేదు! నన్ను ఉత్తపుణ్యానికి మూసేశారు!"

"అప్పీలు పెట్టాల్సింది. వారం టైమిచ్చారు. నువ్వు దొంగఖాతా పెట్టావు."

"నాకేం తెలుసు అప్పీలని ఒకటుందని?"

"గడి నొక్కావుగా, చదివానని."

కూతురు ఆ గెలుపుని ఏమీ దాచుకోలేదు. కళ్లలో నీళ్లున్నాయి, మాటలో మాత్రం జాలి లేదు. "ఆయన ఖాతా తెప్పించు. ఎలా తెప్పిస్తావో నాకు తెలీదు. అంతవరకూ నాతో మాట్లాడకు."

సాయంత్రం మేడమీద కూర్చుని ఒక అప్పీలు రాసి కూతురికి చూపించింది. అందులో నీలిమందుని రెండుచోట్ల గుడ్డిదన్నది, ఒకచోట దాని పెంపకం గురించి అడిగింది. కూతురు చదివి ఫోను తిరిగిచ్చేసింది.

మర్నాడు లాండ్రీలో భోజనాల వేళ, డ్రయ్యరుకి వీపు ఆనించి మళ్లీ రాసింది. తిట్టు రాయడం, కొట్టెయ్యడం. చాలాసేపు పట్టింది. చివరికి మిగిలింది ఇది:

"మడత ఖాతా మా అల్లుడిది. అతనికి నా గొడవతో సంబంధం లేదు. అతనికి తెలియకుండా అతని ఖాతాలోంచి నా పోస్టులు మెచ్చుకున్నది నేనే. వానచినుకూ నేనే. అతనిది అతనికి ఇచ్చెయ్యండి. అతనికి రావాల్సిన యంత్రం పట్టీ వివరాలు అందులో ఇరుక్కుపోయాయి. నాది మీ ఇష్టం. కానీ రెండుసార్లు పోస్టు పెట్టానని వేసిన పాయింటు అన్యాయం, సిగ్నలు లేక అలా జరిగింది. బ్లీచు సంగతి కూడా అన్యాయమే. నేను ఏళ్ల తరబడి చేస్తున్నాను, నాకేం కాలేదు. నీలిమందుకి ధైర్యముంటే ఫోను చేసి మాట్లాడమనండి." కింద తన నంబరు కొట్టింది.

చేస్తుందని ఆమె అనుకోలేదు. రెండురోజుల తర్వాత, గౌన్లు డ్రమ్ములో వేస్తుండగా ఫోను మోగింది. తెలియని నంబరు.

"పిడుగు గారేనా? నేను నీలిమందుని. ఫోను చెయ్యమన్నారట."

ఆడగొంతు. ఆమె డ్రమ్ము వదిలేసి వెనక తలుపు బయటికి వచ్చింది. ఎన్ని మాటలు పోగేసి ఉంచిందో! అన్నీ ఒక్కసారి పైకి తన్నుకొచ్చాయి.

"ఓహో, నువ్వేనా! ఎవరనుకుంటున్నావు నిన్ను నువ్వు? నేను ఉతికినన్ని దుప్పట్లు నువ్వు కంటితో కూడా చూసుండవు. కుర్చీలో కూర్చుని గడులు నొక్కేదానివి, నాకు బ్లీచు గురించి చెబుతావా?"

అవతల ఊపిరి లాగుతున్న చప్పుడు.

"ఏంటా గస? మెట్లెక్కుతూ ఫోను చేస్తున్నావా? తీరిగ్గా కూర్చుని చెయ్యి."

"కూర్చునే ఉన్నాను," అంది నీలిమందు. "నాకింతే. నాలుగు మాటలకి ఒకసారి ఆగాలి. మీరు మాత్రం ఆగకుండా తిట్టుకోవచ్చు, నేను వింటాను."

ఆమె ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"హోటలు లాండ్రీలో చేసేదాన్ని," అంది ఆ గొంతు, ఆగి ఆగి. "నాతో పనిచేసేది మీలాగే, చాలా పనిమంతురాలు. తుప్పుకి అదే కిటుకు వాడేది. ఎప్పుడూ పెరట్లో చేసేది. ఆ రోజు వాన పడుతోందని తొట్టి లోపలికి తెచ్చింది. గదికి కిటికీ లేదు. పచ్చటి పొగ వచ్చింది. నేను తలుపు దగ్గర ఉన్నాను, బయటపడ్డాను. తనెక్కడుందో చూడటానికి మళ్లీ లోపలికి వెళ్లాను. నాకు ఊపిరితిత్తులు సగమే మిగిలాయి. తను మిగల్లేదు. ఇది జాలిపడతారని చెప్పట్లేదు. మీకు జాలి ఉందనే నమ్మకం నాకు లేదు."

"ఉంటే నీకెందుకు, లేకపోతే నీకెందుకు?"

"నాకక్కర్లేదు. మీరు ఏళ్లుగా చేస్తున్నారు, మీకేం కాలేదు. బానే ఉంది. మీ పోస్టు కింద ఒకావిడ ఏమడిగిందో చదివారా? మా బాత్రూంలో చేసుకోవచ్చా, కిటికీ లేదు, పరవాలేదా అని. అది చూసే మీ పోస్టు తీసేశాను. ఆవిడకి నేనే రాశాను, వద్దని. అప్పటికి బ్లీచు కొనుక్కుని వచ్చేసింది."

పిడుగు గోడకి చెయ్యి ఆనించింది. ఆ ప్రశ్న ఆమె చదివింది. ఆ రోజు రోలరు దగ్గర దుప్పట్లు పోగుపడి ఉంటే, ఈ లోడు అయ్యాక జవాబు రాద్దాంలే అని ఫోను జేబులో వేసుకుంది. లోడు అయ్యేసరికి పోస్టు లేదు. పోస్టు పోయిందన్న కోపంలో ఆ ప్రశ్న గుర్తే రాలేదు. ఆ మాట ఇప్పుడు నీలిమందుకి చెప్పొచ్చు. చెప్పలేదు.

"ఉన్నారా?"

"ఉన్నాను. ఆ యంత్రం వేసిన పాయింటు మాత్రం అన్యాయం," అంది.

"అన్యాయమే. సాంకేతిక లోపం. అప్పుడే అడిగుంటే గంటలో తీసేసేవాళ్లం, మీకు మౌనమే పడేది కాదు. అడగలేదు మీరు. తిట్టడం తెలిసినంత బాగా అడగడం తెలీదు మీకు."

"నువ్వు చెప్పాల్సిన పన్లేదు!"

"లేదు. మీ అప్పీలు చూసేది నేను కాదు, వేరేవాళ్లు. మీ అల్లుడి ఖాతా సంగతి వాళ్లకి నేను సిఫారసు చేశాను. మీ గురించి చెయ్యలేదు. ఇక ఉంటాను."

"నేనూ అడగలేదు!" అని అరిచింది ఆమె. అప్పటికే ఫోను పెట్టేసింది అవతల. లోపలికి వచ్చి చూస్తే డ్రమ్ము తలుపు బార్లా తెరిచి ఉంది, గౌన్లు సగం బయట వేలాడుతున్నాయి. దుప్పటి అంచు పట్టుకునే ఆవిడ, "ఎవరు ఫోను?" అంది. "ఎవరో పనికిమాలిన మనిషి," అని గౌన్లు లోపలికి కుక్కింది. ఆ రోజంతా ఇంకెవర్నీ ఏమీ అనలేదు. అది చూసి, ఒంట్లో బాగాలేదేమోనని సంచులవాడు సూపర్‌వైజరుకి చెప్పి వచ్చాడు.

తీర్పు రెండురోజులకి వచ్చింది. మడత ఖాతా పునరుద్ధరించబడింది, పిడుగు పోస్టులకి ఆ ఖాతా నుంచి వెళ్లిన మెచ్చుకోళ్లన్నీ తీసివేయబడ్డాయి. లోపం తమదే కాబట్టి, గడువు దాటినా యంత్రం వేసిన పాయింటు రద్దు. తిట్టిన పాయింటు, మిశ్రమం పాయింట్లు అలాగే ఉంటాయి. దొంగఖాతా పెట్టినందుకు పిడుగు మీద నిషేధం కొనసాగుతుంది, కానీ శాశ్వతం కాదు, ఏడాది తర్వాత మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు.

ఆమె అది మూడుసార్లు చదివింది. న్యాయంగానే ఉంది. అదే మంట. ఎక్కడైనా ఒక్క వంకరుంటే ఏడాదంతా దాన్ని పట్టుకుని బతికేసేది.

అల్లుడి సందేశాలు తిరిగొచ్చాయి. ముసలాయన పట్టీ పంపాడు, అల్లుడు ఆయన రాసినట్టే బిగించాడు. యంత్రం మొదటిసారి తిరిగినప్పుడు ఆమె మేడమెట్ల మీద నిలబడి వింది. కిందికి దిగలేదు, అతనూ పిలవలేదు. కూతురు మాట్లాడటం మొదలుపెట్టింది గానీ అన్నీ పొడిపొడి మాటలే. "తిన్నావా" అంటే "తిన్నాను." "కరెంటు పోయిందా" అంటే "పోయింది."

లాండ్రీలో మాత్రం ఆమె ఒక పని చేసింది. తుప్పు యాసిడ్డు డబ్బా తీసుకెళ్లి గోడకవతల సామాన్ల గదిలో పెట్టి తాళం వేసింది. రోలరు దగ్గరావిడ, "ఇన్నాళ్లూ ఇక్కడేగా ఉంది, ఇప్పుడేమొచ్చింది?" అని అడిగితే, "నాకు బుద్ధొచ్చింది, నీకు రాలేదు, దుప్పటి పట్టుకో" అని కసిరింది. తుప్పు దుప్పట్లు యాసిడ్డుతో విడిగా ఉతికి, నీళ్లలో బాగా జాడించి, మర్నాడు గానీ బ్లీచు దగ్గరికి తెచ్చేది కాదు. పని రెట్టింపైంది. ఆ రెట్టింపు పనికి నీలిమందుని రోజూ తిట్టుకునేది.

ఆ ఏడాదంతా వేదిక చదువుతూనే ఉంది. చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బుడగ తప్పు రాసినప్పుడల్లా ఫోను మంచం మీదికి విసిరేసేది. ఒకసారి కూతుర్ని పిలిచి, "నీ పేరుతో నేను చెప్పింది రాయవే" అంది. కూతురు చూసిన చూపుకి ఫోను తిరిగి తీసేసుకుంది.

ఏడాది నిండిన వారం దరఖాస్తు పెట్టింది. నీలిమందు నుంచి ఒకే వాక్యం వచ్చింది: "ఈసారి నిబంధనలు చదివారా?"

"చదివాను," అని రాసింది పిడుగు. "ఏడో నిబంధనలో 'నిషేదం' అని రాశారు. ద కి ఒత్తు లేదు. పదిమందికి నీతులు చెప్పేముందు అక్షరాలు దిద్దుకోండి."

జవాబు రాలేదు. సాయంత్రానికి ఖాతా తెరుచుకుంది, ఏడో నిబంధనలో ఒత్తు పడింది. ఆ ఇద్దరూ ఇప్పటికీ ఒకరి పోస్టుకి ఒకరు మెచ్చుకోలు నొక్కరు. పిడుగుకి అప్పుడప్పుడూ పసుపు గుర్తు పడుతూనే ఉంటుంది. అప్పీలు పెడుతుంది, సగం గెలుస్తుంది, ఓడిన సగానికి రెండురోజులు మాడు మొహంతో తిరుగుతుంది. బ్లీచు గురించి ఎవరైనా అడిగితే మాత్రం అందరికంటే ముందు ఆమే వచ్చి, కిటికీ ఉందా అని అడుగుతుంది. ఆ అడగడం కూడా కసురుతున్నట్టే ఉంటుంది.

అల్లుడు షాపు కంప్యూటరుకి పాస్‌వర్డ్ పెట్టాడు. అదేంటో ఆమెకి చెప్పలేదు, ఆమె అడగలేదు.